ఇంజన్ చేయించాలా, మార్చాలా?

బదిలీ ఉత్తర్వు వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒక జాబితా తయారవుతుంది. ఏది లారీ ఎక్కాలి, ఏది అమ్మెయ్యాలి, ఏది పక్కింటివాళ్లకు ఇచ్చెయ్యాలి అని. మా ఇంట్లో ఆ జాబితాలోకి ఎప్పుడూ ఎక్కని వస్తువు ఒక్కటే. మా కారు. అది లారీ ఎక్కదు, మమ్మల్నే ఎక్కించుకుని వస్తుంది. 2011 మార్చిలో విజయవాడలో రిజిస్టరైన మారుతి ఆల్టో అది. 2023 జూన్‌లో నాన్నకు సుక్మా జిల్లా గొల్లపల్లికి పోస్టింగు వచ్చినప్పుడు కూడా అదే మమ్మల్ని జగదల్‌పూర్ క్వార్టర్ల దాకా తెచ్చి దింపింది.

పోయిన వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరికి బయలుదేరాం. ఆ ఊరు తిరువూరు దగ్గర. మాకు దారి వెతుక్కునే పని లేదు. 30వ నంబరు జాతీయ రహదారి జగదల్‌పూర్ నుంచి దర్భా, సుక్మా, దోర్నపాల్, ఎర్రబోరు, కొంటా మీదుగా వచ్చి, చింతూరు దగ్గర ఆంధ్రలోకి దిగి, భద్రాచలం, కొత్తగూడెం, తిరువూరు దాటి విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఆగుతుంది. ఎర్రబోరు, గొల్లపల్లి అన్న పేర్లు వింటే ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నామని ఎవరూ అనుకోరు.

దర్భా ఘాట్ ఎక్కుతుంటే వెనక వస్తున్న లారీ డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు. దారి అడుగుతున్నాడనుకుని నాన్న పక్కకు తీశారు. అతను మా పక్కకు వచ్చి, అద్దం దింపి, మా కారు వెనక్కి చెయ్యి చూపించాడు. చూస్తే నీలంగా పొగ. రోడ్డంతా దోమల మందు కొట్టినట్టుంది. కొంటాలో ఆగి డిప్ స్టిక్ తీసి చూస్తే దాని కొనకు కూడా ఆయిల్ అంటలేదు. రెండు నెలల కిందటే కొత్త ఆయిల్ పోయించాం.

ఈ కథ నేను చెప్పడానికి కారణం ఉంది. మనలో చాలామంది ఇళ్లలో పదేళ్లు దాటిన బండి ఒకటి ఉంటుంది. ఏదో ఒక రోజు మెకానిక్ "ఇంజన్ అయిపోయింది సార్" అంటాడు. ఆ మాట విన్నాక ఇంట్లో రెండు రోజులు వాదన నడుస్తుంది. విప్పి బాగుచేయించాలా, మొత్తం ఇంజనే మార్చాలా, లేక బండినే వదిలించుకోవాలా? మా ఇంట్లో నడిచిన వాదన పుణ్యమా అని ఇంజన్ గురించి నేను భౌతికశాస్త్రం పుస్తకంలో కంటే ఎక్కువ నేర్చుకున్నాను.

ముందు ఇంజన్ ఎందుకు ముసలిదవుతుందో చూద్దాం. మా ఆల్టో ఇంజన్‌లో మూడు సిలిండర్లు. ఒక్కో సిలిండరు లోపలి వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 72 మిల్లీమీటర్లు. స్థూపం ఘనపరిమాణం సూత్రం మనకు తొమ్మిదో తరగతిలోనే వచ్చు కదా. వేసి చూడండి. ఒక్కో సిలిండరు 265 ఘన సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది, మూడూ కలిపితే 796. ఆర్‌సీ పుస్తకంలో 'క్యూబిక్ కెపాసిటీ' అని రాసి ఉండే 796 ఇదే. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కు ఆ పేరు రావడానికి కారణమైన సంఖ్య కూడా ఇదే.

ఇంకో లెక్క. కారు సగటున గంటకు 50 కిలోమీటర్లు నడిచిందనుకుందాం, ఇంజన్ నిమిషానికి 2,500 సార్లు తిరిగిందనుకుందాం. లక్ష కిలోమీటర్లకు 2,000 గంటలు, అంటే 30 కోట్ల చుట్లు. ఒక్కో చుట్టుకు పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి, మొత్తం 144 మిల్లీమీటర్లు పోతుంది. గుణిస్తే 43,200 కిలోమీటర్లు. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. కారు లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి, ఆ చిన్న గొట్టంలోనే పిస్టన్ భూమిని ఒక చుట్టు చుట్టేస్తుందన్నమాట. మా కారు అప్పటికి 1,32,000 తిరిగింది.

ఆ ప్రయాణమంతా పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉన్న సందు తల వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ సందులో పల్చటి ఆయిల్ పొర ఉంటుంది. పిస్టన్ చుట్టూ గాడుల్లో రింగులుంటాయి. పైన మండే వాయువు కిందికి పోకుండా, కింద ఉండే ఆయిల్ పైకి రాకుండా కాపలా కాసేవి అవే. ఆయిల్ శుభ్రంగా, సరిపడా ఉన్నంత కాలం లోహానికి లోహం తగలదు. అందుకే వేళకు ఆయిల్ మార్చిన ఇంజన్లు రెండు లక్షల కిలోమీటర్లు దాటినా హాయిగా తిరుగుతుంటాయి.

మరి మాది 1,32,000కే ఎందుకు చేతులెత్తేసింది? కొంత మా తప్పే. గొల్లపల్లి వైపు లోపలి దారుల్లో బండి నడిపితే ఎర్రమట్టి ధూళి మేఘంలా లేస్తుంది. ఎయిర్ ఫిల్టరు ఉండేది ఆ ధూళిని ఆపడానికే. మేము దాన్ని ఏడాదిన్నరగా మార్చలేదు. ధూళిలో ఉండేది ఎక్కువగా ఇసుక రేణువులు, అంటే క్వార్ట్జ్. మోస్ కాఠిన్యమానంలో క్వార్ట్జ్ 7, ఇనుము 4, 5 మధ్య. గట్టిది మెత్తదాన్ని గీస్తుంది. ఫిల్టరు దాటి లోపలికి పోయిన ప్రతి రేణువూ సిలిండరు గోడ మీద గరుకు కాగితంలా పనిచేసింది. దానికి తోడు రేడియేటరులో కూలెంటు తగ్గినప్పుడల్లా బోరింగు నీళ్లు పోసేశాం. ఒకసారి ఇంజన్ బాగా వేడెక్కింది కూడా. "చల్లారాక మళ్లీ నడిచింది కదా" అని ఊరుకున్నాం.

మా సామాను మోసిన ఆ కారు తిరువూరు దాకా మెల్లగా వెళ్లింది. దారిలో రెండు లీటర్ల ఆయిల్ తాగింది. అంతకుముందే జగదల్‌పూర్‌లో ఒక షెడ్డులో చూపిస్తే, బానెట్ ఎత్తి, యాక్సిలరేటరు ఒకసారి నొక్కి, పొగ చూసి, "బోరుకు వచ్చేసింది సార్, సెకండ్ హ్యాండ్ ఇంజన్ ఉంది, 24 వేలు, బిగింపుకు 5 వేలు, రెండు రోజుల్లో ఇచ్చేస్తా" అన్నాడు. నాన్నకు సెలవు తక్కువ. కారు లేకపోతే అమ్మకు బజారు పని జరగదు. నాన్న దాదాపు ఒప్పేసుకున్నారు.

విజయవాడలో ఉండే మావయ్య ఫోనులో ఈ సంగతి విని, "బావా, పొగ చూసి ఇంజన్ మార్చడమంటే దగ్గు విని ఊపిరితిత్తులు మార్చడమే. బండిని ఆటోనగర్ తీసుకురా" అన్నాడు.

పొగ రంగును చదవడం ఒక విద్య. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువగా, గాలి తక్కువగా అందుతోందని. అది ఇంజన్ అరుగుదల కాదు, చాలాసార్లు సెన్సారో ఫిల్టరో మారిస్తే పోతుంది. తెల్లపొగ చలికాలం ఉదయాన రెండు నిమిషాలు వస్తే అది నీటి ఆవిరి, భయపడనక్కర్లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ, తియ్యటి వాసనేస్తుంటే కూలెంటు సిలిండర్లోకి దిగుతోందని అర్థం. అప్పుడు ఆయిల్ మూత తీసి చూస్తే ఒక్కోసారి లోపల పాలు ఎక్కువైన టీ రంగులో మడ్డి కనిపిస్తుంది. అది హెడ్ గాస్కెట్ పని. నీలం పొగ మాత్రం ఆయిల్ మండుతున్న గుర్తు.

నీలంలోనూ తేడా ఉంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని వచ్చి ఆగిపోతే, లేదా ఘాట్ దిగుతూ కాలు తీసి మళ్లీ నొక్కినప్పుడు వస్తే, వాల్వుల దగ్గర ఉండే రబ్బరు సీళ్లు గట్టిపడ్డాయేమో చూడాలి. వాటి ఖరీదు కొన్ని వందలు. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు ఆగకుండా వస్తే రింగుల మీద అనుమానం. మాది రెండో రకం. కానీ అనుమానంతో ఇంజన్ దింపరు. కంప్రెషన్ పరీక్ష చేస్తారు.

విజయవాడ ఆటోనగర్ పేరు సినిమా వల్ల కొందరికి తెలిసి ఉంటుంది. 2014లో 'ఆటోనగర్ సూర్య' వచ్చింది కదా. సినిమాలో కనిపించని ఆటోనగర్ ఇంకా బాగుంటుంది. ఒక వీధిలో లారీ బాడీలు కడుతుంటారు, ఇంకో వీధి అంతా రేడియేటర్లు, మరో వీధిలో అడుగుకో లేత్. ఒక షెడ్డులో ఇంజన్ విప్పుతారు, దాని క్రాంక్ పక్క వీధిలో గ్రైండింగుకు వెళ్తుంది, బ్లాకు ఇంకో చోట బోరింగుకు వెళ్తుంది, సాయంత్రానికి అన్నీ రిక్షాలో తిరిగి వస్తాయి. బస్తర్ నుంచి వచ్చే లారీలకు 30వ నంబరు రోడ్డు చివర కనిపించే పెద్ద ఆసుపత్రి ఇదే.

మావయ్యకు తెలిసిన మేస్త్రి మా కారు చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను చూసి, "పాపా, గుర్తుపెట్టుకో. ఇంజన్ విప్పకముందే కచ్చితమైన రేటు చెప్పేవాణ్ణి నమ్మకు. నాతో సహా" అన్నాడు. స్పార్క్ ప్లగ్గులు మూడూ తీసి, ఒక్కో రంధ్రానికీ మీటరు బిగించి, నాన్నను యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి స్టార్టరు తిప్పమన్నాడు. బాగున్న చిన్న పెట్రోలు ఇంజన్‌లో ఆ ముల్లు చదరపు సెంటీమీటరుకు 12 నుంచి 14 కిలోల దాకా లేస్తుంది. మాకు మొదటి సిలిండరు 11, రెండోది 7, మూడోది 10.5.

తరవాత చేసిన పని నాకు బాగా నచ్చింది. రెండో సిలిండర్లో ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచాడు. ముల్లు 10 దాకా లేచింది. అంటే ఆయిల్ తాత్కాలికంగా సందు మూసింది. కాబట్టి జబ్బు రింగుల్లో, గోడలో ఉంది. ఆయిల్ పోసినా ముల్లు కదలకపోతే వాల్వులదో గాస్కెట్‌దో తప్పు అయ్యేది, అప్పుడు హెడ్ ఒక్కటి విప్పితే సరిపోయేది. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు ఒకేలా పడిపోయి ఉంటే ఆ రెంటి మధ్య గాస్కెట్ కాలిందని పట్టేస్తారట. మూడు అంకెలు, ఒక చెంచా ఆయిల్. ఇరవై నిమిషాల పని. 29 వేలు ఖర్చు పెట్టించబోయిన షెడ్డులో ఇది ఎందుకు చేయలేదా అని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇంజన్ దింపి విప్పాక అసలు సంగతి తెలిసింది. సిలిండరు లోపల బోర్ గేజ్ పెట్టి పైన, మధ్యలో, కింద కొలుస్తారు. గోడ ఒకేలా అరగదు. పై రింగు తిరిగే చోట వేడి ఎక్కువ, ఆయిల్ తక్కువ, అందుకని అక్కడే ఎక్కువ అరుగుతుంది. మా రెండో సిలిండరు 68.50 ఉండాల్సింది పైన 68.63 ఉంది. గోడ మీద గోరు తగిలితే ఆగేటన్ని గీతలు. ఆ గీతలు పోయేదాకా గోడను చెక్కి, పెద్ద పిస్టన్లు వేయాలి. వాటిని 0.25, 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజుల్లో అమ్ముతారు. మాకు 0.25 చాలలేదు, 0.50 వేయాల్సి వచ్చింది. ఒక్క సిలిండరు పాడైనా మూడింటినీ ఒకే కొలతకు తేవాలి, లేకపోతే ఇంజన్ వణుకుతుంది. ఇందాకటి సూత్రంలో 68.5 బదులు 69 పెట్టి చూడండి. 808 వస్తుంది. మా 796 సీసీ కారు ఇప్పుడు నిజానికి 808 సీసీ. దీనివల్ల వేగమేమీ పెరగలేదు గానీ మా తమ్ముడు మాత్రం అందరికీ చెప్పుకుంటున్నాడు.

చెక్కిన గోడను అద్దంలా నున్నగా వదలరు. హోనింగ్ అని చేసి, ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే సన్నటి గళ్లు గీస్తారు. ఆ గళ్లలో ఆయిల్ నిలిస్తేనే కొత్త రింగులు గోడకు సర్దుకుంటాయి. క్రాంక్‌ను కొలిచి, అవసరమైతే గ్రైండింగ్ చేసి, దానికి తగ్గ బేరింగులు వేస్తారు. హెడ్ అల్యూమినియంది కాబట్టి వేడెక్కితే వంగుతుంది. దాని మీద చదునైన ఉక్కు పట్టీ ఉంచి, కింద సన్నటి రేకు దూరుతుందేమో చూస్తారు. మాది వంగింది, ఫేసింగ్ చేయించారు. వాల్వులు అరగదీసి కూర్చోబెట్టారు. ఆయిల్ పంపు, నీళ్ల పంపు, టైమింగ్ బెల్టు, గాస్కెట్లు, క్లచ్ ప్లేటు కొత్తవి. పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ ఎక్కువ కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు పైపులు కూడా మార్చమని మేస్త్రి చెప్పాడు. దీన్నంతటినీ మన షెడ్ల భాషలో 'ఫుల్ ఇంజన్' అంటారు. రింగులు, బేరింగులు మాత్రం మారిస్తే 'హాఫ్ ఇంజన్'. గోడ అరిగిపోయాక హాఫ్ ఇంజన్ చేయిస్తే ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. గుండ్రంగా లేని గొట్టంలో కొత్త రింగు వేసినా సందు సందులాగే ఉంటుంది.

మార్చడం అంటే కూడా ఒకటి కాదు. కంపెనీ నుంచి కొత్త ఇంజన్ తెప్పించవచ్చు. మేము అడిగితే దాని ధర కారు విలువకు దగ్గర పడింది, అక్కడితో ఆ మాట ఆగింది. కొత్త కార్లకు, ఇంకా గ్యారంటీ ఉన్న కార్లకు అది సరైన దారి కావచ్చు. రెండోది, ప్రమాదంలో నుజ్జయిన కారులోంచి తీసిన సెకండ్ హ్యాండ్ ఇంజన్. అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, లోపల ఎంత అరిగిందో విప్పకుండా తెలియదు, విప్పనివ్వరు. కొన్నిచోట్ల దాని గ్యారంటీ షెడ్డు గేటు దాకానే.

సెకండ్ హ్యాండ్ ఇంజన్‌ను చెడ్డదని నేను అనడం లేదు. బ్లాకు పగిలితే, కనెక్టింగ్ రాడ్ విరిగి గోడ పొడుచుకుని బయటికి వస్తే, బోరు ఇంతకుముందే చివరి ఓవర్‌సైజు దాకా వెళ్లిపోయి ఉంటే, చెక్కడానికి ఏమీ మిగలదు. అప్పుడు మార్చడమే. మన దేశంలో ఇంజన్ మార్పిడికి పెద్ద చరిత్రే ఉంది. ఒకప్పుడు పెట్రోలు ఖర్చు తట్టుకోలేక ఎంతోమంది టాక్సీవాళ్లు అంబాసిడర్లలో మాటడార్ డీజిల్ ఇంజన్ బిగించి తిప్పారు. అంబాసిడర్ తయారుచేసిన కంపెనీ కూడా ఒంటిని అలాగే ఉంచి, 1,489 సీసీ పాత ఇంజన్ స్థానంలో తరవాత 1,817 సీసీ ఇసుజు ఇంజన్ పెట్టింది. ఆ కారు 2014 మేలో ఉత్తరపారాలో ఆగిపోయేదాకా ఇంజన్లు మారాయి గానీ రూపం పెద్దగా మారలేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి మన పక్కనే ఉంది. జగదల్‌పూర్ నుంచి తూర్పుగా వెళ్తే ఒడిశాలో కోరాపుట్, దాని దగ్గర సునాబెడ. అక్కడి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం 1960ల్లో మిగ్-21 ఇంజన్ల కోసం మొదలైంది, ఇప్పుడు సుఖోయ్-30 ఇంజన్లు తయారుచేస్తుంది, విప్పి బాగుచేస్తుంది. యుద్ధవిమానం ఇంజన్ పొగ వచ్చేదాకా ఆగరు. ఇన్ని గంటలు ఎగిరిందంటే బాగున్నా సరే దింపి, విప్పి, ప్రతి ముక్కనూ పరీక్షించి మళ్లీ కూరుస్తారు. మొత్తం ఆయుష్షు కూడా గంటల్లోనే రాసిపెట్టి ఉంటుంది, అది నిండాక ఎంత బాగున్నా ఇక ఎగరదు. ఆకాశంలో పక్కకు తీసి ఆపుకునే వీలు లేదు కదా. కారుకు ఆ కట్టుబాటు లేదు, అందుకే మన వాదనలు ఇన్ని రోజులు సాగుతాయి.

ఇక డబ్బు. ఆటోనగర్‌లో ఇంజన్ విప్పాక చెప్పిన లెక్క 40 వేలు. చివరికి రేడియేటరు కూడా మార్చాల్సి వచ్చి 44,500 అయింది. నేను చాలా తెలివిగా లెక్క వేశాను. బాగా చేసిన ఫుల్ ఇంజన్ 80 వేల కిలోమీటర్లు వస్తుందని మేస్త్రి అన్నాడు కాబట్టి, కిలోమీటరుకు 56 పైసలు. సెకండ్ హ్యాండ్ ఇంజన్ 29 వేలు, 30 వేల కిలోమీటర్లు వస్తుందనుకుంటే 97 పైసలు. తేలిపోయింది అన్నాను.

మావయ్య నవ్వాడు. "ఏడాదికి మీరు తిరిగేది తొమ్మిది వేలు. 80 వేలంటే తొమ్మిదేళ్లు. అప్పటిదాకా ఈ కారు తలుపులు ఉంటాయా?" అన్నాడు. నిజమే. ఇంజన్ ఎంత కాలం వస్తుందన్నది కాదు, మనం ఆ కారును ఎంత కాలం ఉంచుకుంటామన్నది ముఖ్యం. ఇంకో ఐదేళ్లు ఉంచుకుంటే 45 వేల కిలోమీటర్లు. 44,500ను దానితో భాగిస్తే 99 పైసలు. రెండూ సమానమైపోయాయి! అమ్మేసి వేరే పాత కారు కొంటే? మా కారును ఆ స్థితిలో 55 వేలకు అడిగారు. కాస్త మంచి పాత కారు రెండున్నర లక్షలు. ఐదేళ్ల తరవాత దాన్ని లక్షకు అమ్ముకున్నా, మా చేతి నుంచి పోయేది 95 వేలు. కిలోమీటరుకు 2 రూపాయల పైనే. ఆ పాత కారు ఇంజన్ ఎలా ఉంటుందో మళ్లీ తెలియదు.

ఇంకో సంగతి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. మాకు 2026 మార్చి. ఆ తరవాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. 2022 ఏప్రిల్‌లో కారుకు ఆ ఫీజును 5,000 రూపాయలు చేశారు. కాబట్టి ఇంజన్ మీద ఖర్చు పెట్టే ముందు ఒంటికి తుప్పు ఎంత పట్టిందో కింద దూరి చూడాలి. తుప్పు తినేసిన ఒంట్లో కొత్త ఇంజన్ పెట్టించుకుని, ఫిట్‌నెస్‌లో తప్పితే ఏడవాలి. మేస్త్రి మా కారును పైకెత్తి, సుత్తితో కింద తట్టి, "ఇనుము గట్టిగానే ఉంది" అన్నాకే పని మొదలైంది. దిల్లీ వైపు బదిలీ అయ్యే అవకాశం ఉన్నవాళ్లు ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లపై 2018లో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చింది.

డబ్బు లెక్క సమానమయ్యాక మా ఇంట్లో తీర్పు చెప్పింది ఒక సంఖ్య. ఆర్‌సీలో ఛాసిస్ నంబరు పక్కన ఇంజన్ నంబరు ఉంటుంది, అది బ్లాకు మీద చెక్కి ఉంటుంది. ఇంజన్ ఎన్నిసార్లు విప్పి చేయించినా బ్లాకు అదే కాబట్టి నంబరు మారదు. వేరే ఇంజన్ పెడితే మారుతుంది. రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. మార్చితే రవాణా శాఖకు బిల్లుతో సహా చూపించి కొత్త నంబరు ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్సులోనూ మార్పించాలి.

ఒకే ఊళ్లో ఉండేవాళ్లకు ఇది ఒక్కరోజు పని కావచ్చు. మనలాంటివాళ్లకు కాదు. ఒక రాష్ట్రం బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్టరు చేయించుకోవాలి. దానికి పాత రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. దొంగ బండ్ల రికార్డుల్లో లేదని తేలాలి. కొత్త చోట ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి నంబరు చదువుతాడు. మాకు 2023 జూన్‌లో బదిలీ అయింది, అంటే సరిగ్గా ఆ పని మీద పడే నెల ముంగిట్లో ఉన్నాం. ఆ సమయంలో ఎవరి కారులోదో, బిల్లు లేని ఇంజన్ పెట్టుకుని వెళ్తే? ఆ ఇంజన్ దొంగిలించిన కారుది అయితే? నాన్న ఉద్యోగం ఎలాంటిదో తెలిసిన మీకు వేరే చెప్పక్కర్లేదు. జగదల్‌పూర్‌లో 29 వేలకు ఒప్పేసుకోబోయిన సంగతి గుర్తొచ్చి నాన్న ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదని అమ్మ చెప్పింది. 2021 సెప్టెంబరు నుంచి వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరు ఉన్నవాళ్లకు రాష్ట్రం మారినప్పుడల్లా తిరిగి రిజిస్ట్రేషన్ బాధ తప్పింది. కానీ ఇంజన్ నంబరు సంగతి వాళ్లకూ ఇంతే.

పని పూర్తి కావడానికి తొమ్మిది రోజులు పట్టింది. నాన్న సెలవు అయిపోయి ముందే బస్సులో గొల్లపల్లి వెళ్లిపోయారు. కారు తీసుకునే రోజు మావయ్య, నేను వెళ్లాం. మేస్త్రి పాత పిస్టన్లు, రింగులు, బేరింగులు ఒక గోనెసంచిలో వేసి మా చేతికిచ్చాడు. పాతవి అడిగి తీసుకోవాలట, అప్పుడే కొత్తవి వేశారని నమ్మకం. రింగు ఒకటి నా పెన్సిలు డబ్బాలో ఉంది, కావాలంటే చూపిస్తాను. దాని అంచు చేత్తో తడిమితే ఒకవైపు బ్లేడులా పదును తేలి ఉంటుంది.

చేయించిన ఇంజన్‌ను మొదటి వెయ్యి కిలోమీటర్లు పసిపిల్లలా చూడాలి. 60 దాటకూడదు, ఒకే వేగంలో గంటల తరబడి తోలకూడదు, బరువు వేయకూడదు, ఎత్తు మీద పెద్ద గేరులో ఈడ్పించకూడదు. కొత్త రింగులు కొత్త గోడకు సర్దుకునే కాలం అది. ఆ సమయంలో రాలే సన్నటి లోహపు పొడి ఆయిల్లో కలుస్తుంది కాబట్టి 500 దగ్గర ఒకసారి, వెయ్యి దగ్గర ఒకసారి ఆయిలూ ఫిల్టరూ మార్చమన్నాడు. తిరుగు ప్రయాణంలో మావయ్య 50 మీద తోలాడు. భద్రాచలం దాకా మమ్మల్ని దాటని లారీ లేదు. తమ్ముడు విసుక్కున్నాడు, అమ్మ మాత్రం ఇలాగే ఎప్పుడూ తోలితే బాగుండు అంది.

కొంటాలో మళ్లీ అదే చోట ఆగాం. శబరి మీది గాలి వస్తోంది. నేనే దిగి బానెట్ ఎత్తి, డిప్ స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీశాను. ఆయిల్ పై గీత దగ్గరే ఉంది, తేనె రంగులో. ఫోటో తీసి నాన్నకు పంపాను. గొల్లపల్లిలో సిగ్నల్ ఎప్పుడు దొరికితే అప్పుడు చూస్తారు. మరుసటి రోజు సాయంత్రం జవాబు వచ్చింది. "ఎయిర్ ఫిల్టరు?" అని ఒక్క మాట.